నౌపడ మీదుగా పైడిభీమవరం

మందుల కంపెనీలో పనిచేసే మేనల్లుడిని కలవడానికి బయల్దేరినవాణ్ని, దారిలో నౌపడలో దిగాను. ఉప్పు మడుల మీద ఎండ కళ్లు తెరవనివ్వడం లేదు. ఓ పెద్దాయన పొడవాటి కర్రకు బిగించిన పలకతో మడిలో కట్టిన తెల్లటి పొరను చెదరగొడుతున్నాడు. "ఒగ్గేస్తే అట్టు కట్టేద్ది బాబూ" అన్నాడు చెయ్యి ఆపకుండానే.

టెక్కలి, శ్రీకాకుళం, రణస్థలం దాటి పైడిభీమవరం చేరేసరికి షిఫ్టు మారుతోంది. హైవే పక్కన డాక్టర్ రెడ్డీస్, అరబిందో వంటి సంస్థల బల్క్ డ్రగ్ యూనిట్లున్న ఊరిది. టీ కొట్టు దగ్గర మావాడు మనసులో మాట చెప్పాడు. "రియాక్షన్ బాగానే నడుస్తుంది మామయ్యా. క్రిస్టలైజేషన్ దగ్గరే ప్రాణం పోతుంది." ద్రావణాన్ని చల్లారుస్తూ కూర్చుంటే స్ఫటికాలు ఒక బ్యాచ్‌లో త్వరగా పడతాయి, ఇంకో బ్యాచ్‌లో గంటలు గడిచాక ఒక్కసారిగా కురుస్తాయి. మరీ సన్నగా వస్తే ఫిల్టర్ మొరాయిస్తుంది. లావుగా వస్తే మిల్లుకు పంపాలి. స్ఫటిక రూపమే మారితే రోగికే ముప్పు. 1998లో ఎయిడ్స్ మందు రిటోనావిర్‌కు అలాగే జరిగింది. అంతకుముందు ఎరగని రూపం తలెత్తింది, అది సరిగా కరగదు, క్యాప్సూళ్ల అమ్మకం ఆపేయాల్సి వచ్చింది. ఆ గోళీల మీదే బతుకుతున్నవాళ్లు ఏమైపోయుంటారోనని ఆ రాత్రంతా నాకు అదే ధ్యాస.

మర్నాడు మావాడు నన్ను విజయనగరంలో తన స్నేహితుడి కాలేజీ ల్యాబ్‌కు తీసుకెళ్లాడు. వేడినీళ్లలో పారాసిటమాల్ కరిగించి, వడగట్టి, రెండు బీకర్లలో పోసి నెమ్మదిగా చల్లార్చారు. చల్లబడ్డాక కూడా రెండూ తేటగానే ఉన్నాయి. ఒకదాంట్లో అల్ట్రాసౌండ్ పుట్టించే టైటానియం కడ్డీ ముంచి స్విచ్ వేశారు. సెకనుకు 20,000 కంపనాలు. చెవి కోసే సన్నటి కీచుమోత. చూస్తుండగానే కడ్డీ కొన దగ్గర మసక మొదలై, బీకరంతా బియ్యం కడిగిన నీళ్లలా తెల్లబడింది. పక్క బీకరులో చలనం లేదు.

అల్ట్రాసౌండ్ ఒత్తిడికి ద్రవంలో సూక్ష్మమైన బుడగలు పుడతాయి, పెరుగుతాయి, అంతలోనే చితుకుతాయి. ఆ తాకిడికి ద్రావణంలో అతిసంతృప్తత మరీ పెరగకముందే స్ఫటిక బీజాలు పడతాయి. అన్నీ దాదాపు ఒకే వేళ మొదలవుతాయి గనుక సైజులోనూ పెద్ద తేడా ఉండదు. బయటి నుంచి సీడ్ పొడి వేసే పని కూడా తప్పుతుంది. ఇంజెక్షన్ మందులకు అది చిన్న మేలు కాదు. శక్తిమంతమైన ధ్వనితరంగాల రసాయన ప్రభావాలపై రిచర్డ్స్, లూమిస్ అనే శాస్త్రవేత్తలు 1927లోనే ప్రయోగాలు ప్రచురించారు. ఇన్నేళ్ల విద్య మన కుర్రాళ్ల చేతికి పూర్తిగా అందాలని నా ఆరాటం.

"మరి వేల లీటర్ల రియాక్టర్లో?" అని అడిగాను. ధ్వని బలమంతా కడ్డీ చుట్టూనేనట, దూరం పోయేకొద్దీ సన్నగిల్లుతుందట. కడ్డీ కొన అరిగితే లోహపు నలుసులు మందులో కలిసే భయమూ ఉంది. అందుకే ద్రావణాన్ని బయట ఫ్లో సెల్ అనే చిన్న గొట్టంలోంచి తిప్పుతూ, ఆ గొట్టం గోడకు వెలుపలే కంపనాలిచ్చే పరికరాలు అతికిస్తారు.

"ఓ లీటరు ఫ్లో సెల్ దొరికితే చాలు మామయ్యా" అన్నాడు మావాడు. "మమ్మల్ని ఏడిపించే ప్రొడక్టుతోనే మొదలెడతాను."