పేన్ చూస్తోంది

మా బాపుకు కోపం వచ్చినా, దుఃఖం వచ్చినా ఒకటే మాట అనేవాడు. "పేన్ చూస్తోంది." గోండిలో అనేవాడు, నేను తెలుగులో రాస్తున్నాను. పేన్ అంటే మా దేవుడు. చిన్నప్పుడు ఆ మాట వింటే నాకు ధైర్యంగా ఉండేది. పెద్దయ్యాక వింటే ఒళ్లు మండేది. చూస్తూ కూర్చునే దేవుడు మనకెందుకు అనిపించేది.

నాకు ఎనిమిదేళ్లప్పుడు మా ఐదెకరాల నల్లరేగడి చేను అంగడి ఊరి సేటు చేతికి పోయింది. అక్క పెళ్లికి, విత్తనాలకు బాపు అప్పు తెచ్చాడు. ఎంత తెచ్చాడో, ఎంత కట్టాడో సేటు పద్దుల్లోనే ఉండేది. ఒకరోజు ఏదో కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. మరుసటి వానాకాలం మా చేలో ఆయన నాగళ్లు దిగాయి. ఊరి పెద్దలు పంచాయితీకి పిలిస్తే రాలేదు. మా అమ్మ మా చేలోనే కూలికి పోయి పత్తి ఏరింది.

పంతొమ్మిదో ఏట ఒక రాత్రి నేను అగ్గిపెట్టె జేబులో వేసుకుని బయలుదేరాను. సేటు పత్తి అంతా చేను పక్క కొట్టంలో ఉంది. వాగు దాటకముందే బాపు వెనక నుంచి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "ఆ కొట్టంలో కావలి పండుకునేది ఎవరో ఎరుకేనా?" అన్నాడు. పక్క గూడెం కోలాం ముసలాయన. ఆ సంగతి నాకు తట్టనే లేదు. "రేపు అకిపేన్ ముందు నిలబడి ఏం చెప్తవు? మనం తప్పు చెయ్యలేదు కాబట్టే నేను పేన్ పేరు ఎత్తుతున్న" అన్నాడు. అగ్గిపెట్టె తీసుకుని, అదే పెట్టెతో బీడీ ముట్టించుకుని ఇంటి దారి పట్టాడు.

రెండేళ్లకు సేటు పెద్దకొడుకు మోటార్ సైకిల్ మీద నుంచి పడి చనిపోయాడు. మా గూడెంలో అందరూ ఒకటే అన్నారు, పేన్ చూసింది అని. నిజం చెప్పాలంటే నాకూ లోపల సంతోషమైంది. బాపు మాత్రం తలకు తువ్వాల చుట్టుకుని ఆ చావింటికి పోయి, సాయంత్రం దాకా గడప బయట కూర్చుని వచ్చాడు. ఎందుకు పోయావని గొడవ పడ్డాను. "ఆ పిల్లగాడు తీసుకున్నడా మన భూమి? తండ్రి తప్పుకు కొడుకును చంపేది న్యాయమైతే, అట్లాంటి దేవునికి నేను మొక్క" అన్నాడు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. శత్రువుకు కీడు జరగడమే దేవుడి న్యాయమనుకున్నాను. కానీ కొడుకు పోయినా చేను సేటు దగ్గరే ఉంది. మరి న్యాయం ఎక్కడ జరిగినట్టు?

టీటీసీ చదివేటప్పుడు ఒక సీనియర్ 1/70 చట్టం గురించి చెప్పాడు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1963లో తెలంగాణకు వర్తింపజేసి, 1970లో గట్టిగా సవరించారు. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుడి చేతికి మారితే ఆ బదలాయింపు చెల్లదు. అంతేకాదు, అక్కడ గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. మా దగ్గర కాగితం లేదని ఇన్నేళ్లు భయపడ్డాం. జవాబు చెప్పాల్సింది సేటే అని మాకు తెలియదు.

అర్జీ రాస్తానంటే బాపు వద్దంటాడనుకున్నాను. ఆయన కేస్లాపూర్ గుర్తు చేశాడు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడయ్యాక నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను మా బతుకులు తెలుసుకోవడానికి పంపింది. నాగోబా జాతరలో దర్బారు మొదలైంది అప్పుడే. ఒకపక్క పూజలు, ఒకపక్క అధికారుల ముందు మా గోడు. నేటికీ జాతరలో దర్బారు జరుగుతోంది. "నాగోబా దగ్గరికి పోయినోళ్లే దర్బారుకూ పోతరు. మొక్కినమని అర్జీ ఆపిన్రా?" అన్నాడు.

విచారణ ఏళ్ల తరబడి సాగింది. జీతంలో సగం ప్రయాణాలకే పోయేది. కొందరు బెదిరించారు, కొందరు డబ్బు తీసుకుని వదిలెయ్యమన్నారు. ఒకసారి అధికారి హద్దులు అడిగితే, బాపు ఒక్కో ఇప్పచెట్టు పేరు పెట్టి చెప్పాడు, ఏ చెట్టు పూలు ఎవరు ఏరేవారో కూడా. తీర్పు మాకే వచ్చింది. సేటు పైకి అప్పీలు చేశాడు. అది తేలేసరికి బాపు లేడు.

కొలతల రోజు సేటు గట్టు మీద నిలబడ్డాడు. ముసలివాడైపోయాడు. ఎన్నో ఏళ్లుగా అనాలనుకున్న మాటలు నాకు నోటిదాకా వచ్చాయి. చేలో పత్తి పగిలి ఉంది. "ఏరుకుని పో. ఆ తర్వాతే మేం దున్నుతం" అన్నాను. తమ్ముడు నెల రోజులు నాతో మాట్లాడలేదు. అమ్మ కూలికి ఏరిన పత్తి నీకు గుర్తులేదా అన్నాడు. వాడి మాట తప్పని నేను ఇప్పటికీ అనలేను.

మా చేను వచ్చింది కాబట్టి ఇదంతా చెప్పగలుగుతున్నానేమో. ఇంకా రాని ఇళ్లు మా చుట్టూ చాలా ఉన్నాయి. వాళ్లకు పేన్‌ను నమ్మండి అని ఊరికే చెప్పి రావడానికి నాకు నోరు రాదు. అందుకే సెలవు రోజుల్లో వాళ్ల అర్జీలు రాసిపెడుతున్నాను. రాసేముందు ఒకటే చెప్తాను. ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ఒక్క గుంట కూడా ఎక్కువ వేయొద్దు, పేన్ చూస్తోంది అని.