టెక్కలి నీలిరాయి

శ్రీకాకుళం జిల్లాలోని టెక్కలికి పెద్ద రోడ్డు మీద బస్సులో పోవచ్చు. లేదా నౌపడ జంక్షనులో దిగి గుణుపురం రైలెక్కవచ్చు. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన బుల్లి రైలుదారి అది. యిప్పుడు పెద్ద గేజి అయింది. ఆ ప్రాంతంలో తిరిగితే మెట్లు మెట్లుగా కోసిన కొండలు కనిపిస్తాయి. ఆ కోతలే అక్కడి వ్యాపారం.

అక్కడి రాయి నీలి గ్రానైటు. బూడిదరంగు మీద నీలి కెరటాలు పరచినట్లుంటుంది. విదేశాల వర్తకులు దానిని ‘వైజాగ్ బ్లూ’ అంటారు. పుట్టిల్లు శ్రీకాకుళమైనా పేరు మాత్రం విశాఖది! తూర్పు కనుమల శిలలు భూగర్భంలో ఉడికి యీ రూపానికి వచ్చి సుమారు వంద కోట్ల ఏళ్ళయిందంటారు శాస్త్రజ్ఞులు.

ఇంతకీ యీ రాయి ఎక్కడికి పోతుందనుకున్నారు? పెద్దల ఇళ్ళ గచ్చులకూ పోతుంది; ఓడలెక్కి పోలెండు, జర్మనీ వంటి దేశాల శ్మశానాలకూ పోతుంది. సమాధికి ఒక్క పలక చాలదు. తలవైపు నిలిపే రాయి, పైన కప్పే పలక, చుట్టూ అంచులు — అన్నీ ఒకే చాయలో వుండాలి. అందుకని ఒక్క దిమ్మలోంచే కోస్తారు. దిమ్మలో వెంట్రుకవాసి చీలిక కనబడినా బేరం పోయినట్టే. క్వారీల పక్కన గుట్టలుగా పడివున్నది అలా పనికిరాకుండా పోయిన రాయే.

పోలెండులో ఏటా నవంబరు 1న జనం సమాధులు కడిగి, పూలుంచి, దీపాలు పెడతారు. జర్మనీలో సమాధి స్థలం సొంతం కాదు, అద్దెది. ఇరవై ముప్పై ఏళ్ళ గడువు తీరాక మళ్ళీ సొమ్ము కట్టకపోతే రాయి తీసేస్తారు. వంద కోట్ల ఏళ్ళ శిలకు దక్కే ఉద్యోగం ఆ పాటిది!

అక్కడ కొన్ని రాష్ట్రాలలో, పసిపిల్లల చేత చేయించిన రాయి కాదన్న ధ్రువపత్రం లేనిదే సమాధి మీద రాయి నిలపనివ్వరు. మంచి చట్టమే. కాని కోసేటప్పుడు లేచే దుమ్ము మాటేమిటి? అది ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ అనే జబ్బు వస్తుంది; దానికి మందు లేదు. నీళ్ళు చల్లుతూ కోస్తే దుమ్ము చాలావరకు అణుగుతుంది. ఆ నీళ్ళకూ, కూలీ ముఖానికి కట్టే ముసుగుకూ అయ్యే ఖర్చు, రాయి ధర ముందు ఎంత?

టెక్కలి దాకా వెళ్ళినవారు రావివలసలో ఎండల మల్లికార్జునుణ్ణి కూడా చూడాలి. పైకప్పు లేకుండా ఎండలో వెలసిన పెద్ద శిలాలింగం. ఒక రాయికి మొక్కుతాం, ఇంకొక రాయిని అమ్ముకుంటాం. రెండూ బ్రతుకు కోసమే. తప్పు పట్టనక్కరలేదు.

అడగవలసింది ఒక్కటే. గనుల వల్ల దెబ్బతినే ప్రజల కోసమే 2015 చట్టసవరణతో జిల్లా ఖనిజ నిధి ఏర్పడింది. ఆ నిధిలోంచి రాతి కూలీలకు ఏటా ఒకసారి ఛాతీ ఎక్స్‌రే తీయించితే చాలు. ఎవరి సమాధికో రాయి కోసేవాడు తన సమాధి తానే తవ్వుకోకూడదు.