లష్కర్ జాతరకు నానమ్మతో

"మూడేండ్ల సంది టీవీలనే చూస్తున్న. ఈసారి నన్ను తీస్కపోకుంటే అన్నం ముట్ట" అని నానమ్మ తేల్చేసింది. మోకాళ్లు మొరాయించాక ఆమెకు చక్రాల కుర్చీయే లోకం. ఒకప్పుడు లష్కర్ బోనాలకు ఏటా బోనమెత్తిన మనిషి!

ఆషాఢ సోమవారం. సికింద్రాబాద్‌లో ఇసుకేస్తే రాలనంత జనం. నాకైతే లోపల ఒకటే భయం. అయినా అమ్మ, నాన్న, చెల్లి, నేను కుర్చీ తోసుకుంటూ బయల్దేరాం.

దారిలో సరోజినీదేవి రోడ్డు మీద సెయింట్ మేరీస్ చర్చి ముందు కాసేపు ఆగాం. ఐర్లాండ్ నుంచి వచ్చిన ఫాదర్ డేనియల్ మర్ఫీ 1840లో దీని పని మొదలుపెడితే, 1850కి పూర్తయింది. ఎక్కడి ఐర్లాండ్, ఎక్కడి లష్కర్! లష్కర్ అంటేనే సైన్యం. మూడో నిజాం సికందర్ జా పేరు మీద 1806లో వెలసిన ఈ ఊరికి ఎక్కడెక్కడి వాళ్లో వచ్చారు. తమ దేవుళ్లనూ వెంట తెచ్చుకున్నారు.

ఉజ్జయిని మహంకాళి అమ్మవారు అలా వచ్చిందే. సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య 1813లో ఉజ్జయినిలో ఉండగా కలరా ప్రబలింది. అది తగ్గితే మా ఊళ్లో నిన్ను నిలుపుకుంటానని అమ్మవారికి మొక్కుకున్నాడట. 1815లో తిరిగొచ్చి ఇక్కడ చెక్క విగ్రహం ప్రతిష్ఠించాడని చెప్తారు.

పొద్దున రంగం అయిపోయింది. పచ్చికుండ మీద నిలబడి చెప్పే ఆ భవిష్యవాణిని ఫోన్లోనే చూశాం. ఇక ఊరేగింపు మిగిలింది. గుడి వీధి మలుపులో మా కుర్చీ చక్రం కాస్తా గుంతలో ఇరుక్కుంది. వెనక నుంచి తోపులాట, ముందు డప్పుల మోత. ఎందుకు తెచ్చామా అనిపించింది.

అంతలో పక్కనున్న బట్టల దుకాణం భాయ్ "అమ్మా, ఇటు రండి" అంటూ మెట్ల మీదున్న చెప్పులన్నీ పక్కకు నెట్టాడు. పోతరాజు వెంట చిందులేస్తున్న నలుగురు పిల్లగాళ్లు "జర జరుగుండ్రి!" అని అరుస్తూ కుర్చీని నానమ్మతో సహా ఎత్తి పైమెట్టు మీద పెట్టారు. పేర్లు అడిగేలోపే జనంలో కలిసిపోయారు.

ఏనుగు మీద అమ్మవారి ఊరేగింపు కదిలొచ్చింది. నానమ్మ రెండు చేతులూ జోడించింది. కళ్లు తుడుచుకోలేదు. నాకు మాత్రం అప్పయ్య గుర్తొచ్చాడు. నడవలేనివాళ్లను మోసిన మనిషి మొదలుపెట్టిన జాతర కదా ఇది!

కానీ ఒక్క మాట. అందరి పండగ అంటే నలుగురు మంచోళ్లు దొరకడం మీద ఆధారపడకూడదు. కుర్చీలో వచ్చేవాళ్లకు వేరే దారి, ర్యాంపు ఉండాలి.

మీరూ పెద్దవాళ్లను తీసుకెళ్తుంటే మెట్రోలో వెళ్లండి, స్టేషన్లలో లిఫ్టులుంటాయి. నీళ్ల సీసా, చెవుల్లోకి దూది మర్చిపోకండి. తొందరగా వెళ్లి ఎత్తయిన చోటు చూసుకోండి.

తిరిగొస్తుంటే నానమ్మ మెల్లగా అంది: "నెత్తి మీద కాకుంటేంది బిడ్డా, వచ్చే ఏడు బోనం ఒళ్లె పెట్టుకొని వస్త."