పళ్ళూ, సీసీలూ

‘స్టాక్ కార్ రేసు’ అన్న మాట వినగానే మా బావమరిది, “అంటే గోడౌన్లో అమ్ముడుపోకుండా స్టాకుండిపోయిన కార్లకి పెట్టే పందెమా?” అన్నాడు. అందరం నవ్వాం గానీ, అతను సగం నిజమే చెప్పాడు. పందెం కోసం పనిగట్టుకుని కట్టిన బండి కాకుండా, షాపులో అమ్మకానికి ఉన్న కారునే తెచ్చి పరుగెత్తించడం – ఆ పేరుకి అసలు అర్థం అదే. మీ వీధి డాక్టరుగారు తోలే కారూ, పందెంలో పరుగెత్తే కారూ ఒక తల్లి పిల్లలన్నమాట.

మా ఘంటసాల వాళ్ళకి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. నా చిన్నప్పుడు సంక్రాంతి వచ్చిందంటే గుడివాడ వైపూ, బందరు వైపూ ఎడ్ల బండలాగుడు పోటీలే పోటీలు. నిన్నటిదాకా అరక కట్టిన ఎడ్లే ఇవాళ కుంకుమ బొట్లు పెట్టించుకుని బరిలోకి దిగేవి. ఎవరి ఎద్దు ఎక్కడ మొరాయిస్తుందో చూసేవాళ్ళందరికీ తెలుసు. అందుకే ఆ ఈలలు, ఆ కేకలు. తెలియని ఎద్దు గెలిస్తే చప్పట్లు కొడతాం. తెలిసిన ఎద్దు గెలిస్తే కండువా ఎగరేస్తాం.

అమెరికా వాళ్ళదీ ఇలాంటి కథే. ఫ్లోరిడాలో డేటోనా బీచి అని ఒక ఊరుంది. 1936లో అక్కడ మామూలు కార్లకి పందెం పెట్టారు. పోయేది తారు రోడ్డు మీద, వచ్చేది సముద్రపొడ్డున ఇసుకలో. మలుపుల దగ్గర గోతులు పడి కార్లు కూరుకుపోయేవి. సముద్రం పోటు ఎక్కకముందే తెమిలిపోవాలి. మంగినపూడి ఒడ్డున ఎవరైనా అంబాసిడర్లతో పందెం కడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి! 1948లో ఈ పందేలకి నాస్కార్ అనే సంస్థ వెలిసింది. 1958 దాకా ఆ ఇసుక పందెం సాగి, మరుసటి ఏడు ప్రత్యేకంగా కట్టిన ట్రాకుకి మారింది. కుడి మలుపులూ ఎడమ మలుపులూ ఉన్న రోడ్డు ట్రాకు మీద కూడా ఈ కార్లు పరుగెత్తుతాయి. న్యూయార్క్ రాష్ట్రంలో వాట్కిన్స్ గ్లెన్ అనే చోట 1957లో మొదలుపెట్టి, మధ్యలో చాలాకాలం మానేసి, 1986 నుంచి ఒక్క 2020లో తప్ప ఏటా జరుపుతున్నారు. అయితే ఇప్పుడు ఆ కార్లు పేరుకే స్టాకు. పైతొడుగు చూడ్డానికి మామూలు కారే గానీ, లోపలిదంతా పందేనికని కట్టించిందే.

మనకి దగ్గర్లో ఈ ముచ్చట షోళవరంలో జరిగేది. మన వైపు నుంచి మద్రాసు పోయే ట్రంకు రోడ్డులో తడ, గుమ్మిడిపూండి దాటాక, రెడ్ హిల్స్ ఇవతల ఉంటుంది ఆ ఊరు. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఒకటి అక్కడ మిగిలిపోయింది. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు వారు దాని మీద కార్ల పందేలు నడిపారు. ఫిబ్రవరి వచ్చిందంటే షోళవరం రేసులు.

నేను చూసింది 1980లో. మా మేనమామ లారీ నడిపేవాడు. మద్రాసు వాళ్ళ ఇడ్లీలకి మా దివి తాలూకా మినుములు లోడు వేసుకుపోతూ నన్నూ ఎక్కించుకున్నాడు. షోళవరం దగ్గర మోత విని లారీ పక్కకి తీశాడు. మొదట విదేశీ రేసు కార్లు వచ్చాయి. గొండల్ మహారాజా, విజయ్ మాల్యా వంటి వాళ్ళు అలాంటివి తోలిన రోజులవి. రివ్వున వచ్చి రివ్వున పోయాయి. మావయ్య తాపీగా బీడీ ముట్టించాడు.

తర్వాత ఫియట్లు దిగాయి. మావయ్య బీడీ సంగతి మరిచిపోయాడు. “ఒరేయ్, అది మన బ్యాంకు మేనేజరుగారి కారురా!” అని లేచి నిలబడ్డాడు. ఆ కారు కాదులెండి, ఆ రకం కారు. మలుపులో దాని వెనక చక్రాలు జారితే, “గేరు దించరా నాయనా!” అని ఇక్కణ్ణించి అరుపులు. అతనికి ఫియట్ గేరు సంగతి తెలుసు. మహారాజుల కారు సంగతి తెలియదు. అంతే తేడా.

ఇంకో సంగతి నాకు భలే నచ్చింది. మా దగ్గర బండలాగుడుకి ఎద్దు నోరు తెరిచి పళ్ళు లెక్కపెడతారు. పాలపళ్ళవి, రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి – ఏ ఈడువి ఆ ఈడు వాటితోనే. కార్లకైతే సీసీలు లెక్క. స్టాండర్డ్ హెరాల్డు 948, ఫియట్ 1089, అంబాసిడర్ 1489. కోడెదూడని ముదురు ఎద్దు మీదికి తోలకూడదన్న ధర్మం రెండు చోట్లా ఒకటే.

1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో క్లబ్బు వారికి సొంత ట్రాకు అమరింది. నున్నటి రోడ్డు, సౌకర్యాలు, భద్రత. ఏమాటకామాటే చెప్పుకోవాలి, మామూలు కార్ల పందేలు అక్కడా జరిగాయి. కానీ మద్రాసు పోయే మా లారీలకి అది దారి కాదు. బీడీ ఆర్పుకుని అరిచే మావయ్యలు అక్కడికెలా చేరతారు?

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ పక్కన, ఎన్టీఆర్ మార్గ్ మీదుగా 2.83 కిలోమీటర్ల చుట్టులో ఫార్ములా ఇ కరెంటు కార్ల పందెం పెట్టారు. మనకి ట్రాక్టర్లు అమ్మే మహీంద్రా వాళ్ళ జట్టూ దిగింది. వెర్న్ అనే ఫ్రెంచి ఆయన గెలిచాడు. చాలా బావుంది. మర్నాటి ఏడు ఫిబ్రవరి 10న మళ్ళీ జరగాల్సింది, జనవరిలోనే రద్దయింది. ఏటేటా జరగాల్సిన పందేనికి ఏడాదికే నూరేళ్ళు నిండాయి. ఎవరి కారణాలు వాళ్ళు చెప్పారు. అవన్నీ అటుంచితే, రద్దయిందని తెలిసినప్పుడు మా వీధరుగు మీద ఒక్కడూ ‘అయ్యో’ అనలేదు. అందులో పరుగెత్తిన బండి ఎవరింట్లోనూ లేదు మరి.

మా నాన్నగారు 1984లో ఎడ్లని అమ్మేశారు. ట్రాక్టరొచ్చాక వాటికి మేత దండగన్నారు. ఆ సాయంత్రం కొట్టం వైపు వెళ్ళలేదు, భోజనానికి లేవలేదు. ఆ తర్వాత పందేలకి పోవడమూ మానేశారు. ఎవరైనా పిలిస్తే, “పొలం దున్నని ఎద్దు ఎంత లాగితే ఎవడిక్కావాలిరా?” అనేవారు.

ఆయన మాట నిజమే. ఇప్పుడు బండలాగే ఎడ్లలో చాలావాటికి అరక ఎలా ఉంటుందో తెలియదు. ఉలవలు తిని, తోమించుకుని, పందేనికే పెరుగుతాయి. అమెరికా వాళ్ళ స్టాకు కారు లాగే అయ్యాయి. కానీ ఆ పందేలే లేకపోతే అంత ఒంగోలు జతని ఇవాళ ఎవరు సాకుతారు? ఏనాడో కబేళా లారీ ఎక్కేవి. అందుకే నేను మాత్రం ఏటా వెళ్ళి చూస్తాను. ఏ ఎద్దు ఎవరిదో తెలియకపోయినా కండువా మాత్రం తీసుకెళతాను.

మా పాత కొట్టంలో ఇప్పుడు మా అబ్బాయి కారు ఉంటుంది. అచ్చమైన స్టాకు కారు. “ఓసారి పందేనికి పంపుదామురా” అన్నాను. “ఇంకా నలభై నెలల వాయిదాలున్నాయి నాన్నా, గీత పడనివ్వకు” అన్నాడు.