నిజాంపట్నం రేవులో ఒక పగులు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్లకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే ఆ 61 రోజులూ సముద్రం మీద మోటారు చప్పుడు తగ్గి, రేవుల్లో గ్రైండర్ల మోత మొదలవుతుంది. నిజాంపట్నం చూడాలంటే అప్పుడే చూడాలి. వేట రోజుల్లో వెళితే చేపలు కనపడతాయి గాని, బోటు అడుగు కనపడదు.

కాకుమాను నుంచి బాపట్ల, కర్లపాలెం మీదుగా వెళ్లాం. వెంట మా బావమరిది కొడుకు ఉన్నాడు. షార్జాలో ఒక బోట్ల యార్డులో అల్యూమినియం వెల్డింగు చేసి వచ్చిన కుర్రాడు. ఇప్పుడు ఊళ్లో ట్రాక్టర్ ట్రక్కుల చట్రాలు అతుకుతున్నాడు. ‘మన దగ్గర అల్యూమినియం బోట్లు ఎందుకు లేవు మావయ్యా’ అని దారి పొడుగునా అడుగుతూనే ఉన్నాడు. నాకు తెలిస్తేగా చెప్పడానికి!

నిజాంపట్నం ఆషామాషీ ఊరు కాదు. 1606లో డచ్చివాళ్లు ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నారు. 1611లో ఇంగ్లీషు కంపెనీ ఓడ ‘గ్లోబ్’ ఇక్కడికే వచ్చింది. ఆ పాత వైభవాన్ని గుర్తు చేసేదేదీ రేవులో నాకు కనపడలేదు. మడ చెట్ల మధ్య పాయ, పాయ పొడుగునా రంగురంగుల బోట్లు, ఎండకు ఉడుకుతున్న బురద వాసన. 2020 నవంబరులో రేవు విస్తరణకు శంకుస్థాపన జరిగింది. మేం వెళ్లింది మాత్రం కొత్త కట్టడాలు చూడ్డానికి కాదు. తాటాకు పందిరి కింద ఒక ఫైబర్ బోటును పాత టైర్ల మీదికి ఎక్కించి పెట్టారు, దాని దగ్గరికి.

బోటు వెనక పక్కన, ఇంజిను బిగించే చోటికి కాస్త కింద, జానెడు పగులు. వెంట్రుకంత సన్నం. యజమాని తొందరలో ఉన్నాడు. ‘పైన రెండు పొరలు గాజుపోగు మ్యాట్ వేసి రంగు కొట్టెయ్ మేస్త్రీ, చాలు’ అంటున్నాడు. మేస్త్రీ అరవై దాటిన మనిషి. మాట్లాడకుండా చిన్న సుత్తి తీసుకుని పగులు చుట్టూ టక్‌టక్‌మని కొట్టుకుంటూ పోయాడు. గట్టిగా ఉన్నచోట ఖంగుమంది. ఒకచోట మాత్రం ‘డబ్’మని మొద్దు శబ్దం. లోపల పొరలు విడిపోయాయన్నమాట. శబ్దం మారిన చోటల్లా సుద్దతో గీత గీశాడు. అంతా గీశాక చూస్తే జానెడు పగులు మూరెడు జబ్బుగా తేలింది.

తర్వాత పగులు రెండు కొసలా డ్రిల్లుతో చిన్న బెజ్జాలు వేశాడు. మావాడు నవ్వాడు. ‘అక్కడ మేమూ ఇదే చేస్తాం మావయ్యా. కొస మొన తేలి ఉంటే బలమంతా అక్కడికే చేరి పగులు ముందుకు పాకుతుంది. బెజ్జం వేస్తే మొన మొద్దుబారుతుంది.’ అల్యూమినియం సంగతులు మేస్త్రీ ఆసక్తిగా అడిగాడు. నేనూ అక్కడే కూలబడి విన్నాను.

ఇనుము కాలితే ముందు ఎర్రబడుతుంది, హెచ్చరిస్తుంది. అల్యూమినియం రంగు మారదు. 660 డిగ్రీల దగ్గర ఉన్నట్టుండి కరిగి కారిపోతుంది. పైగా దాని మీద కంటికి కనపడని ఆక్సైడు పొర ఒకటి ఉంటుంది. అది కరగాలంటే 2,000 డిగ్రీలు దాటాలి. అందుకే అతికే ముందు స్టెయిన్‌లెస్ స్టీలు బ్రష్‌తో గీకాలి. ఇనుము మీద వాడిన బ్రష్‌ను దీని మీద పెట్టకూడదు. కరిగే చోట గాలి తగలకుండా ఆర్గాన్ వాయువు కప్పాలి. ‘ఈ సముద్రపు గాలికి నీ గ్యాసు నిలుస్తుందా?’ అన్నాడు మేస్త్రీ. ‘నిలవదు బాబాయ్. చుట్టూ పరదా కట్టాలి. ఫ్యాను కూడా ఆపేస్తాం.’ తేమ గాని నూనె గాని ఉంటే అతుకు లోపల బుడగలు పడతాయట. బోట్లకు వాడే 5083 రకం రేకుకు 5356 లాంటి అతుకు తీగ వాడాలి. బజారులో తేలిగ్గా దొరికే 4043 తీగతో అతికితే పైకి నునుపుగా, అందంగా వస్తుంది, లోపల పెళుసుగా ఉంటుంది. ఒకవేళ అన్నీ సరిగ్గా చేసినా, సెగ తగిలిన మేర అసలు రేకు కన్నా బలం తగ్గుతుంది.

అల్యూమినియం బోట్లు నడిచే చోట్లూ లేకపోలేదు. అలాస్కాలోని బ్రిస్టల్ బేలో వల వేసే బోటు పొడవు 32 అడుగులు దాటకూడదని నిబంధన. అక్కడ అల్యూమినియం బోట్లు చాలా ఉన్నాయి. వెల్డర్లూ, షెడ్లూ, ఆర్గానూ ఉన్నచోట అది సాగుతుంది. మన తీరానికి ఫైబర్ నడిచొచ్చిన దారి వేరు. 1980లలో మద్రాసు కేంద్రంగా ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) వారి బంగాళాఖాత పథకం నడిచింది. అలల్లోంచి నేరుగా ఇసుక మీదికి దూసుకొచ్చే బోట్ల నమూనాలను అందులో పరీక్షించారు. ఓయ్‌విండ్ గుల్‌బ్రాండ్‌సన్ అనే నార్వే నిపుణుడు వాటి రూపకర్తల్లో ఒకరు. ఆ తరవాత 2004 సునామీ సాయంలో మరెన్నో ఫైబర్ బోట్లు వచ్చాయి. బకెట్టు, బ్రష్షు, గ్రైండరు ఉంటే తాటాకు పందిరి కిందే బాగుచేసుకోవచ్చు. మావాడి ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇదే.

అలాగని ఇది తేలిక పనేం కాదు. గీత లోపలి భాగాన్నంతా మేస్త్రీ గ్రైండరుతో ఏటవాలుగా చెక్కేశాడు. గాజు పొడి గాలిలోకి లేచింది. నా చేతులకు పట్టిన దురద రెండో రోజుకు గాని వదల్లేదు. ఉప్పు పోయేదాకా మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాడు. తడి ఉంటే రెజిన్, అంటే గాజుపోగును పట్టి ఉంచే జిగురు, పట్టదు. ఇక కలపడం. రెజిన్‌లో ముందు యాక్సిలరేటరు పోసి బాగా కలిపాక, అప్పుడు హార్డనరు. ఆ రెండిటినీ నేరుగా ఒకదాన్లో ఒకటి పోస్తే పేలుతుంది. అందుకే రెండు సీసాలనూ పందిరి చెరో మూలన పెట్టుకున్నాడు. మే నెల ఎండకు రెజిన్ త్వరగా గట్టిపడుతుంది గనక హార్డనరు పాలు తగ్గించి, కొంచెం కొంచెంగానే కలిపాడు. ఒక్కో మ్యాట్ ముక్క కింది దానికన్నా వెడల్పు. ప్రతి ముక్క మీదా గాడుల రోలరు తోస్తుంటే తెల్లటి బుడగలు అంచుల్లోంచి బయటికి పోయి, గాజుపోగు రెజిన్‌లో కలిసిపోయి కనపడకుండా పోయింది. ముక్కు బద్దలయ్యే వాసన.

యజమాని డబ్బు తీయబోయాడు. ‘ఆగు, పని కాలేదు’ అని మేస్త్రీ బోటు లోపలికి వంగి చూపించాడు. ఇంజినును మోసే దిమ్మ ఉన్నట్టుండి ఒకచోట ఆగిపోయింది. ఇంజిను అదురంతా ఆ అంచు దగ్గరే పడుతోంది. పగులు సరిగ్గా దాని కిందే. ‘నేను వేసిన అతుకు నిలుస్తుంది. దాని పక్కన మళ్లీ పగులుతుంది’ అన్నాడు. దిమ్మను రెండు అడుగులు పొడిగించి, కొసను సన్నగా వాలుగా దించాలంటాడు. పాత బోల్టు బెజ్జాలను మూసి కొత్తవి వేయాలి, వాటి కింద వెడల్పు ప్లేటు పెట్టాలి. ఖర్చు ఇంచుమించు రెట్టింపు.

‘పోయినేడు వేరేచోట అతికించా, అప్పుడెవరూ ఈ మాట చెప్పలేదే’ అని యజమాని గొణిగాడు. మా కుర్రాడు కల్పించుకుని, ‘ట్రక్కు చట్రం కూడా వెల్డింగు మీద విరగదన్నా, వెల్డింగు పక్కన విరుగుతుంది’ అన్నాడు. యజమాని వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. నిషేధం ఎత్తేయడానికి మూడు వారాలుంది. చివరికి ‘సరే, కానీ. ఇంజిను ఎప్పుడు బిగించమంటావ్?’ అన్నాడు.

‘దిమ్మ పూర్తయ్యాక వారం ఆరనీ’ అని, మేస్త్రీ గట్టిపడక ముందే రోలరు కడుక్కోవడానికి లేచాడు.