తడికట్టె

గడచిన వేసవి సెలవులలో మా పెద్దమ్మాయి లావుపాటి పుస్తకము నొకదానిని దెచ్చి మా ముందు బెట్టి, "అమ్మా, చిన్ననాడు తాతగారియొద్ద తర్కము చదివితి నందువు గదా! ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుము, చూతము" అనెను.

మేము బడికి బోయి చదివినవారము గాము. తండ్రిగారియొద్ద భారత భాగవతములును, కొంత సంస్కృతమును, తర్కసంగ్రహమును ఇంటనే చదువుకొంటిమి. మా వారు ఉపాధ్యాయులు గావున ఇంగ్లీషు పుస్తకములు వారికి క్రొత్త గావు. మాకు మాత్రము అమ్మాయి యొక్కొక్క ఖండికను జదివి తెలుగున అర్థము చెప్పవలసివచ్చెను.

అమ్మాయి న్యాయశాస్త్రము చదువగోరుచున్నది. దేశమందలి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయములలో బెక్కింటికి 2008వ సంవత్సరము నుండి ఒక్కటే ప్రవేశపరీక్ష జరుగుచున్నది. దానిని కామన్ లా అడ్మిషన్ టెస్టు అనియు, పొట్టిగా క్లాట్ అనియు అందురు. హైదరాబాదునందలి నల్సారునకును, విశాఖపట్టణమునందలి దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయమునకును ఇదియే ద్వారము. ఇప్పుడు రెండు గంటలలో 120 ప్రశ్నలకు సమాధానములు గుర్తింపవలయును. ఒప్పునకు ఒక మార్కు. తప్పునకు పావుమార్కు కోత. అందులో ఇంచుమించు అయిదవవంతు తర్కప్రశ్నలు. 2020 నుండి ఒక వ్యాసఖండము నిచ్చి, "ఈ వాదము చెప్పక నమ్మిన దేది? దీనిని బలహీనపఱచున దేది? దీనినుండి తప్పక తేలున దేది?" అని యడుగుచున్నారు. అమెరికాలో 1948 నుండి జరుగుచున్న ఎల్‌శాట్ పరీక్షకును ఇట్టి ప్రశ్నలే ప్రాణము. 2024 ఆగస్టు నుండి అక్కడ మార్కులకు లెక్కించు మూడు భాగములలో రెండు తర్కమునవే.

మొదటి రాత్రి భోజనములైన పిమ్మట కూర్చుంటిమి. ప్రశ్న యిట్లున్నది. ఒక పట్టణమున వీథిదీపములను హెచ్చించిరి. మఱుసటి యేడు దొంగతనములు తగ్గినవి. కావున దీపములవలననే దొంగతనములు తగ్గిన వని యధికారి చెప్పెను. ఈ మాటను బలహీనపఱచున దేది? దీపములకు మిక్కిలి వ్యయమగు ననునది మొదటి సమాధానము. ఆ యేడే రాత్రి గస్తీ రెట్టింపైన దనునది రెండవది. తక్కిన రెండును అప్రస్తుతములని మాకును దెలిసెను. మేము మొదటిదానిని జూపితిమి. ప్రజాధనము వృథా చేయరాదు గదా యని మా తాత్పర్యము.

అమ్మాయి నవ్వి, "అమ్మా, అది మంచిమాటయే గాని యడిగినదానికి జవాబు గాదు. వ్యయమెంతైనను దీపములవలన దొంగతనములు తగ్గియుండవచ్చును. గస్తీ పెరిగినదన్నచో గదా ఆయన వాదము కదలును!" అనెను. ఆ రాత్రి పది ప్రశ్నలలో మాకు ఆఱు తప్పినవి. తప్పినచోట్ల నెల్ల మేము మంచిమాటను జూచితిమే గాని తగినమాటను జూడలేదు. నీతిశతకములతో బెరిగినవారికి ఈ జబ్బు సహజము గాబోలు!

మఱునాడు పాత తర్కసంగ్రహమును దీసితిమి. 17వ శతాబ్దమున ఆంధ్రుడగు అన్నంభట్టు బాలురకొఱకు రచించిన చిన్న గ్రంథమది. కొండపై పొగ యున్నది గావున నిప్పున్న దనుట సరియైన యనుమానము. దానిని దలక్రిందులు చేసి, నిప్పున్నది గావున పొగ యున్న దనుట చెడ్డ యనుమానము. ఎఱ్ఱగా గాలిన యినుపగుండునందు నిప్పున్నను పొగ యుండదు. పొగకు నిప్పొక్కటియే చాలదు. తడికట్టె గూడ వలయును. వాది చెప్పని, ఒక్కొక్కప్పుడు తానే యెఱుగని ఆ తడికట్టెకు తార్కికులు ఉపాధి యని పేరిడిరి.

మా యింట గ్యాసుపొయ్యియే గావున అమ్మాయి తడికట్టె నెన్నడును జూచియుండలేదు. వానకాలమున మా అమ్మమ్మగారు కన్నులు తుడుచుకొనుచు గొట్టముతో పొయ్యి నూదుటను వర్ణించి చెప్పితిమి. నాటినుండి ఏ ఖండిక చదివినను, "ఇందు తడికట్టె యెక్కడ?" అని యొకరి నొకర మడుగుకొనుట మాకు వాడుకయైనది. వాది తేల్చిన మాటను మొదట బట్టుకొనవలయును. పిదప అతడు చెప్పిన హేతువును జూడవలయును. ఆ రెంటి నడుమ చెప్పక విడిచినదానిని వెదుకవలయును. ఈ క్రమము చేతికి వచ్చినపిదప మా తప్పులు తగ్గెను.

సభాపర్వమున ద్రౌపది చేసిన దిదియే గదా! ధర్మరాజు తన్ను ముందోడి పిదప ఆమెను పందెమొడ్డెనా యని యామె యడిగెను. తన్ను దా నోడినవానికి ఇతరులను పణము పెట్టు నధికార ముండునా యనునదే అందలి తడికట్టె. నిండుసభలో పెద్దలు తడబడిరి.

అమ్మాయి తన పుస్తకములనుండి వేఱొక కథ చెప్పెను. 1916లో రెజీనా గుహ యను విదుషి న్యాయశాస్త్రపట్టము పొంది, న్యాయవాదిగా తన పేరు చేర్పుడని కోరెను. న్యాయవాదులనుగూర్చిన చట్టము పురుషులనే యుద్దేశించినదని కలకత్తా హైకోర్టు ఆమెను నిరాకరించెను. 1923లో ప్రత్యేకముగా చట్టము చేసినపిదపనే ఆ యడ్డు తొలగెను. ఇంతవరకు లేదు గావున ఇకమీదటను గూడ దనువాదము ఎంత చదివినవారి నోటను వచ్చునో యని మేము నిట్టూర్చితిమి.

అటుపిమ్మట వారము దినములకు అమ్మాయి ఒక ప్రశ్నను కాగితముపై దానే వ్రాసి తెచ్చినది. ఒక యూరినుండి దూరపు రేవునకు బోయిన నావ యొకటి నడుమనే తిరిగివచ్చెను. కావున ఇక నే నావయు ఆ రేవునకు బోరాదని యూరిపెద్ద నిర్ణయించెను. ఇందలి లోప మేమి? మేము తడుముకొనకుండ, "ఆ నావ యేల తిరిగివచ్చెనో యడుగలేదు. ఒకదానిని జూచి యన్నింటికిని తీర్పు చెప్పినాడు" అంటిమి. అమ్మాయి మాటాడలేదు. పత్రిక చదువుచున్న మా వారు మెల్లగా దగ్గిరి.

అప్పటికి గాని మాకు దెలియలేదు. ఎఱిగినవారి పిల్ల యొకతె దూరనగరమునకు జదువబోయి రెండవయేట మాని యింటికి వచ్చెను. దానిని జూపి, మా పిల్లను వసతిగృహమునకు బంపవలదని మేము రెండు నెలలుగా మా వారితో వాదించుచుంటిమి. ఊరిపెద్ద మేమే!

ఆ పిల్ల తల్లిని మఱునాడే యడిగితిమి. తండ్రి జబ్బుపడగా ఇంట సాయము లేక వచ్చినదట. చదువునందు గాని నగరమునందు గాని దోషము లేదట. మా వాద మంతటితో గూలెను. అయినను భయము గూలలేదు. హేతువు పోయినను నిలిచిన దేమిటి యని రాత్రియంతయు నాలోచించితిమి. ఈ పిల్ల వెళ్లినచో సాయంకాలము మాతో గూర్చుండి భారతము చదువువా రెవ్వరును లేరు. మా తడికట్టె అది. పిల్ల క్షేమమని పైకి చెప్పుచు మా యొంటరితనమును లోన గప్పియుంచితిమి.

మఱునాటి రాత్రి ఆ మాట అమ్మాయితోనే చెప్పి, "ఇది వాదము గాదు తల్లీ, దీనికి సమాధానము వెదకకుము. నీకు సీటు వచ్చినచో వెళ్లుము" అంటిమి. అది చాలసేపు మా చేయి విడువలేదు.

పరీక్ష డిసెంబరులో. ఎట్లగునో యెవరు చెప్పగలరు? నిన్నటి రాత్రి 24 ప్రశ్నలలో అమ్మాయికి 20, మాకు 16 సరిపోయినవి. మాకు తప్పిన యెనిమిదింటిలో అయిదు మంచిమాట లని యెన్నుకొన్నవే!