డిష్ మీద మంచు, గుండె మీద బరువు

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళే పెద్దవాళ్ళు నన్నడిగే ప్రశ్నలు దాదాపు ఒక్కలాగే వుంటాయి. బీపీ మాత్రలు ఎన్ని నెలలకి పట్టుకెళ్ళాలి, విమానంలో కాళ్ళు వాస్తాయా, వగైరా. ఇంటికప్పు మీది డిష్ యాంటెన్నా గురించి మాత్రం ఎవరూ అడగరు. అడక్కపోయినా చెబుతాను.

న్యూయార్క్ రాష్ట్రంలో బఫెలో అని ఓ వూరుంది. ఈరీ సరస్సు పక్కనే కావడంతో అక్కడ మంచు విపరీతం. 2014 నవంబరులో ఆ చుట్టుపక్కల కొన్నిచోట్ల అయిదడుగులకు పైగా పడింది. మా అమ్మాయి కాపురం అక్కడే. ఓ శీతకాలం నేనూ, మా వియ్యంకుడుగారూ ఒకేసారి వెళ్ళాం. ఓ రోజు పొద్దున్నే టీవీలో బొమ్మ పోయింది. రాత్రి కురిసిన తడిమంచు డిష్ నిండా అంటుకుపోయింది. పొడిమంచైతే చాలావరకు జారిపోతుంది. తడిమంచులో నీరెక్కువ, అది సిగ్నల్ని మింగేస్తుంది. ఆయనకేమో తెలుగు వార్తలు లేనిదే కాఫీ దిగదు. "చీపురుతో ఓ దులుపు దులిపితే సరి, బావగారూ" అంటూ నిచ్చెన లాగారు. వయసు అరవై ఆరు. పన్నెండేళ్ళుగా మధుమేహం. నేను నిచ్చెన వదల్లేదు. ఆ పూటంతా ఆయన నాతో మాట్లాడలేదు.

కప్పు మీంచి జారిపడతారన్నది ఒక్కటే కాదు నా భయం. చలిగాలి తగలగానే ఒంట్లో వేడి పోకుండా చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి. రక్తపు పోటు పెరుగుతుంది. గుండెకి రక్తమిచ్చే నాళాలు కూడా కొందరిలో బిగుసుకుంటాయి. సరిగ్గా అప్పుడే చేతులు పైకెత్తి బరువు పని చేస్తే నాడి పరుగెడుతుంది. బలం పెట్టేటప్పుడు తెలియకుండానే వూపిరి బిగబడతాం. అంటే గుండెకి కావలసిన ప్రాణవాయువు ఎక్కువ, అందేది తక్కువ. 1990 నుంచి 2006 దాకా 17 ఏళ్ళలో మంచు ఎత్తిపోస్తూ అమెరికాలో 1,647 మంది గుండె ఆగి పోయారని లెక్క తేల్చారు. మధుమేహం వున్నవారికి గుండెపోటు నొప్పిగా తెలియకపోవచ్చు కూడా. కాస్త ఆయాసం, చెమట, వికారం, అంతే.

మరి డిష్ సంగతి? ఆగడమే మేలు. అక్కడి డిష్‌లు దక్షిణానికి తిరిగి వుంటాయి గనుక ఎండ వస్తే మంచు దానంతటదే వూడుతుంది. అందాకా వార్తలు ఫోనులో చూసుకోవచ్చు. అంతగా తొందరైతే, పొడవాటి కర్రకి మెత్తని బ్రష్ కట్టి నేలమీద నిలబడే దులపాలి, అదీ ఇంట్లో కుర్రవాళ్ళెవరైనా. గట్టిగా పొడిస్తే డిష్ గురి తప్పి, మంచు పోయినా బొమ్మ రాదు. వేణ్ణీళ్ళు పొయ్యవద్దు. అవి కారి కిందే గడ్డకడతాయి, మనం నిలబడే చోట. కొత్తగా డిష్ పెట్టించుకునేవారు కప్పు మీద కాకుండా చేతికందే ఎత్తులో స్తంభానికి బిగించమనండి.

గుమ్మం ముందు మంచు తియ్యక తప్పకపోతే ఎత్తిపోయకుండా పక్కకి తొయ్యండి. భోంచేసిన వెంటనే వద్దు. రొమ్ములో బరువు, దవడకో ఎడమచేతికో పాకే నొప్పి, అకారణంగా చెమట – వీటిలో ఏది కనిపించినా పార అక్కడే పడేసి 911కి ఫోను చెయ్యమనండి. అబ్బాయి ఆఫీసునుంచి వచ్చేదాకా ఆగవద్దు.